కట్టేసే ఆదివారాలు

వల్యెవో దగ్గర, మంగళవారం

చి.ల.సౌ. యాస్నాకు,

నీ ఆడపడుచు దొబ్రిలా ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. నిన్న ఫోన్‌లో నీ అరుపు విన్నాను కనుక అక్కడ నీ ఊపిరితిత్తులు కూడా క్షేమమేనని తెలిసింది.

ఉత్తరాలు రాసే అలవాటు నాకు లేదు. మా ఆయన పోయినప్పుడు బంధువులకు కార్డు ముక్కలు రాశాను, అంతే. కానీ ఫోన్‌లో నేను ఒక మాట అనేలోపు నువ్వు పది అంటావు. నా గొంతు చిన్నది. కాగితం మీదైతే మధ్యలో ఎవరూ అడ్డు తగలరు. అందుకే చివరికి కలం పట్టాను.

నీ పిల్లల్ని కట్టేశానన్నావు. అవును, కట్టేశాను. మొన్న పిల్లల ఆదివారం. క్రిస్మస్‌కు ముందు వచ్చే మూడు ఆదివారాల్లో మొదటి ఆదివారం పెద్దవాళ్లు పిల్లల కాళ్లు కడతారు, పిల్లలు తమ దగ్గరున్నదేదో ఇచ్చి విడిపించుకుంటారు. మరుసటి ఆదివారం పిల్లలు తల్లుల్ని కడతారు, ఆ పై ఆదివారం తండ్రుల్ని. అలా కట్టుకున్న ఇల్లు ఏడాదంతా చెదరదని నమ్మకం. ఈ సంగతి మా ఊళ్లో మేకలకు కూడా తెలుసు. నీకు తెలియకపోవడం నీ తప్పు కాదులే. మీ నాన్నగారు పార్టీ మనిషి. మీ ఇంట్లో పండగంటే మే ఒకటో తారీఖే.

కట్టింది తాడుతో కాదు, నా ఊలు శాలువాతో. వాళ్లు ఏడవలేదు, నవ్వి నవ్వి పొయ్యి పక్కన కట్టెల మీద పడ్డారు. ఇక నా దగ్గరున్న ఆ రెండు రోజుల్లో వాళ్లు చేసినవి నేను నీకు చెప్పనే లేదు. రష్కో మా పిల్లిని పిండిడబ్బాలో పెట్టాడు. తెల్లగా బయటికి వచ్చిన పిల్లికి దున్యా బాప్తిస్మం ఇచ్చింది, గుడి నుంచి నేను తెచ్చుకున్న పవిత్ర జలంతో. ఆరేళ్లవాడు, నాలుగేళ్లది. దేవుడు వాళ్లను చల్లగా చూడాలి, నాకు ఓపిక ఇవ్వాలి.

క్రిస్మస్‌కు పిల్లల్ని పంపనన్నావు. పండగ ఆనవాయితీకి నేల మీద పరవడానికి పక్కింటి నుంచి గడ్డి తెచ్చి కొట్టంలో పెట్టుకున్నాను. గడ్డి పరిచాక దాని మీద కోడిపిల్లల్లా కిచకిచమంటూ తిరగడానికి పిల్లలుండాలి. నేనొక్కదాన్నే కిచకిచమంటూ తిరిగితే పక్కింటావిడ డాక్టరును పిలుస్తుంది. కాస్త ఆలోచించు.

ఇట్లు,
దొబ్రిలా

తా.క. ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. అతను పండగ ముందు మాంసం మానేసి ఉపవాసాలుండే మనిషి కాదు. కాగితం మీద సాసేజీ మరకలుంటే అవి నావి కావు.

~

నోవీ సాద్, గురువారం

గౌరవనీయులైన వదినగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది, సాసేజీతో సహా.

మీ శాస్త్రాలు మీ మేకలకు చెప్పండి వదినగారూ, బళ్లో నన్ను పిలిపించి కూర్చోబెట్టిన మనస్తత్వ నిపుణురాలికి చెప్పకండి. దున్యా అక్కడ అందరి ముందూ ఏమందో తెలుసా? "అత్త మమ్మల్ని కట్టేసింది. ఉన్నదంతా ఇచ్చేయమంది. ఇచ్చాకే వదిలింది" అంది. పైగా బొమ్మ గీసింది. అందులో మీరు తాడు పట్టుకుని ఉన్నారు. మీ పళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, "ఇంట్లో ఎవరికైనా నేరచరిత్ర ఉందా?" అని అడిగింది.

నేను పిల్లల్ని పుస్తకం చూసి పెంచుతున్నాను. అందులో పిల్లల్ని కట్టేయమని ఏ పేజీలోనూ లేదు. ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, కళ్లలోకి చూసి, నెమ్మదిగా చెప్పాలని ఉంది. మీకది నవ్వులాటగా ఉంటుందని నాకు తెలుసు.

ఇక అసలు సంగతి. దున్యా రబ్బరు పీక మీ దగ్గరే ఉందట. అది నోట్లో లేనిదే పిల్ల నిద్రపోదు. పిల్ల నిద్రపోకపోతే రష్కో నిద్రపోడు. వాడు నిద్రపోకపోతే మంచాన్ని ఓడ అంటాడు. ఆదివారం నుంచి మా ఇంట్లో ఓడ మునుగుతూనే ఉంది. నేను నిలబడే తింటున్నాను, నిలబడే కాఫీ తాగుతున్నాను, అదీ చల్లారాక. పసిపిల్ల నోట్లోది లాక్కోవడం కూడా పండగలో భాగమేనా?

క్రిస్మస్‌కు మేం రాం. ఇదే ఆఖరి మాట.

మీ మరదలు,
యాస్నా

తా.క. మా వీధి తలుపు తాళంచెవి పోయింది. మీ తమ్ముడు మిలునే ఎక్కడో పారేసుకుని ఉంటాడు. పారేసుకోలేదని ఒట్టేశాడు కూడా. నలభై మూడేళ్ల గుమాస్తా, చెప్పులతో పక్కింటి బాల్కనీలోంచి మా బాల్కనీలోకి దూకాడు. కింద బస్టాపులో వాళ్లు చప్పట్లు కొట్టారు.

~

వల్యెవో దగ్గర, శుక్రవారం

చి.ల.సౌ. యాస్నాకు,

ఆశీస్సులు. నా పళ్లు అంత పెద్దవి కావు. పైవరసలో రెండు నావి కూడా కావు.

నేను లాక్కోలేదమ్మా. "ఏమిచ్చి విడిపించుకుంటావే?" అని అడిగితే నీ కూతురు నోట్లోంచి పీక తీసి, గౌనుకు తుడిచి, నా చేతిలో పెట్టింది. "ఇదే నాకున్నదాంట్లో మంచిది అత్తా" అంది. మీ పుస్తకం రాసినాయన పిల్లలెవరైనా అలా ఇచ్చారేమో అడుగు. ఇచ్చుకున్నదాన్ని బస్సులో తిప్పి పంపకూడదు. ఇచ్చినవాళ్లే వచ్చి తీసుకోవాలి. ఈ నియమం ఎక్కడుందని అడగకు. నేను పెట్టాను.

మోకాళ్ల మీద కూర్చుని కళ్లలోకి చూస్తావా? రష్కో కళ్లలోకి చూస్తుంటే దున్యాను ఎవరు చూస్తారు? వాళ్లు ఇద్దరు, తల్లీ. మోకాళ్ల మీద మనం గుళ్లో కూర్చుంటే చాలు.

ఎల్లుండి తల్లుల ఆదివారం. వాళ్లు నిన్ను కడతారు, నేను అన్నీ నేర్పే పంపాను. పెనుగులాడకు. ఎండు అత్తిపళ్లూ అక్రోట్లూ దగ్గర పెట్టుకో, ఇస్తే విప్పుతారు. నాకెలా తెలుసంటావా? చూసి తెలుసుకున్నాను. ఈ వీధిలో అందరి కాళ్లకూ ముడులు చూశాను. నన్ను కట్టేవాళ్లు లేరు, అయినా ఏటా ఆ రోజు ఏప్రన్ జేబులో అక్రోట్లు పోసుకునే తిరుగుతాను. సాయంత్రం కోళ్లకు కొట్టి వేస్తాను. మా కోళ్లు చాలా బలంగా ఉంటాయి.

ఇట్లు,
దొబ్రిలా

తా.క. తాళంచెవి నా దగ్గరే ఉంది. రష్కో దాన్ని ఇచ్చే విడిపించుకున్నాడు. "ఇది చాలా విలువైంది అత్తా, ఇది లేకపోతే నాన్న ఏడుస్తాడు" అన్నాడు. అది మీ తలుపుదని నాకేం తెలుసు? నా తమ్ముడికి క్షమాపణలు చెప్పు. ఆ దూకడం చూడలేకపోయినందుకు బాధగా ఉంది.

~

నోవీ సాద్, తండ్రుల ఆదివారం మర్నాడు

వదినగారికి,

నమస్కారాలు. మీ శిష్యులు గెలిచారు. సంతోషమేనా?

తల్లుల ఆదివారం పొద్దున్నే నన్ను వంటింటి కుర్చీకి కట్టారు. మిలున్ టైలు, గెంతే తాడు, నా డ్రెస్సింగ్ గౌను బెల్టు, అన్నీ వాడారు. నేను చాక్లెట్ ఇస్తానన్నాను.

"చాక్లెట్ వద్దు. అత్త ఇంటికి పంపాలి" అన్నాడు రష్కో.

"పంపను" అన్నాను.

"అయితే విప్పం" అంది మీ దున్యా.

నేనూ పట్టుదల గల మనిషినే. ఒప్పుకోలేదు. వాళ్లూ విప్పలేదు. ఇద్దరూ నాకు కాపలా కూర్చున్నారు. గోడలెక్కలేదు, ఓడ మునగలేదు, కుళాయి తిప్పలేదు. "కదిలితే అమ్మ పారిపోతుంది, చూస్తూ ఉండు" అని ఒకరికొకరు గుసగుసలాడుకున్నారు. మిలున్ నా నోటికి కాఫీ అందించాడు. వేడిగా ఉంది, వదినా. రష్కో పుట్టాక నేను తాగిన మొదటి వేడి కాఫీ. తర్వాత కాసేపు నిద్రపోయాను కూడా. మధ్యాహ్నం దాకా నేను ఒప్పుకోకపోవడానికి కారణం నా సిద్ధాంతమే. మరేదో అనుకోకండి.

నిన్న మిలున్‌ను కట్టారు. అతను వాళ్లు అడక్కముందే ఒప్పుకున్నాడు.

కాబట్టి వస్తున్నాం. పండగ కోసం కాదు, తాళంచెవి కోసం. బాల్కనీలోంచి దూకడానికి మీ తమ్ముడికి మళ్లీ వయసు రాదు.

యాస్నా

తా.క. మీరు నేర్పిందీ ఒక ముడేనా? నేను డాన్యూబ్ ఒడ్డున పెరిగినదాన్ని, పదేళ్లకే మా నాన్న పడవ కట్టేదాన్ని. ఆ కట్లన్నీ చిటికెలో విప్పుకోగలను. విప్పుకోలేదు, అంతే. అక్రోట్ల సంగతి కూడా చదివాను. దాని గురించి ఏమీ రాయను.

~

వల్యెవో దగ్గర, మీరు వెళ్లిన మర్నాడు

చి.ల.సౌ. యాస్నాకు,

ఆశీస్సులు. ఇల్లు ఊడ్చాను. గడ్డి చక్కెరడబ్బాలో కూడా ఉంది. మీ పిల్లలు కోడిపిల్లల్లా తిరిగారని సంతోషిద్దామంటే, నా అసలు కోళ్లు భయంతో గుడ్లు మానేశాయి. ఇంత అల్లరి పిల్లల్ని నేను పుట్టి ఎరగను. మీ పుస్తకం పొయ్యిలో వేయి. వద్దులే, కుర్చీ కాలు కింద పెట్టుకో.

నిన్న పొద్దున నేను పొయ్యి పక్కన బెంచీ మీద కునుకు తీశాను. లేచేసరికి కాళ్లు కదలవు. నా శాలువాతోనే కట్టేశారు. "ఏమిస్తావ్ అత్తా?" అన్నారు ఇద్దరూ.

"తల్లుల ఆదివారం ఎప్పుడో అయిపోయిందిరా. పైగా నేను తల్లిని కాను" అన్నాను.

"కబుర్లు చెప్పకు, ఏమిస్తావ్?" అన్నాడు రష్కో.

తాళంచెవి ఇచ్చాను. చాలదన్నారు. పీక ఇచ్చాను. దున్యా దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఛీ, ఇది చిన్నపిల్లలది" అని పిల్లి నోట్లో పెట్టబోయింది. అక్రోట్లే కావాలన్నారు. అక్రోట్లని వాళ్లకెవరు చెప్పారు? ఈ ఏటివి కోళ్లకు వేసేశాను, మిగిలినవి అటక మీద ఉన్నాయి. కాళ్లు కట్టి ఉండగా అటక ఎలా ఎక్కను? అందుకని కూర్చున్నాను. చాలాసేపే కూర్చున్నాను. నువ్వు అటు తిరిగి, ఆ కాఫీ ఎప్పటికీ కలపడం అవనట్టు కలుపుతూనే ఉన్నావు. "అయ్యో వదినా, ఎవరు చేశారీ పని?" అన్నావు, వెనక్కి తిరక్కుండానే.

నేను హైస్కూలు దాకానే చదివాను యాస్నా, కానీ కళ్లున్నాయి. రష్కో వేసే ముడి గొర్రెతోకలా వేలాడుతుంది. నా కాళ్లకున్నది పడవను ఒడ్డుకు కట్టే ముడి. మా ఊళ్లో పడవలు లేవు. ఏరు కూడా లేదు.

ఇట్లు,
మీ దొబ్రిలా

తా.క. ఆ ముడి విప్పలేదు. అటక మీంచి మిలున్ దింపిన అక్రోట్లు ఇచ్చి విడుదలయ్యాక కాళ్లు మెల్లగా పైకి లాగేసుకున్నాను. ముడి ముడిగానే దేవుడి పటం కింద ఉంది. వేసినవాళ్లే వచ్చి తీసుకోవాలి, నియమం నీకు తెలుసు కదా. ఈ ఉత్తరాలు ఎక్కడైనా భద్రంగా దాచు, ఎవరికీ చూపించకు. మిలున్‌కు అసలే వద్దు. నేను నిన్ను పొగిడానని ఊరంతా చాటుతాడు. నేనేమీ పొగడలేదు.