పాట అయిపోయాక

మలాంగ్, మంగళవారం

ప్రియమైన నాన్నకి,

ఫోన్లో అనలేక రాస్తున్నాను. నిన్న లెసుంగ్ వాగుకి వెళ్లాను. మార్చిలో చుచక్ ఇజో పిట్ట పాట రికార్డు చేసిన చెట్టు కిందే గంటసేపు కూర్చున్నాను. ఒక్క పిట్టా పలకలేదు. కొమ్మల మీద పిట్టల్ని పట్టే బంక పుల్లలు, వాటికి అంటుకుని ఆకుపచ్చ ఈకలు.

పంజరాల కోసం జనం వెతికే పిట్టలైతే, అవి ఉండే చోటు మేం పాటలు పెట్టే సైట్‌లో చెప్పకూడదని మా రికార్డింగ్ బృందం నియమం. నేను పాటే పెట్టాను, చోటు రాయలేదు. చెప్పింది మీ ఒక్కరికే. "పిట్టల పాటల పోటీలొస్తున్నాయమ్మా, మన పిట్టకి వినిపించి నేర్పుకుంటాను" అని అడిగితే రికార్డింగ్ పంపాను. "ఎక్కడిదే ఇంత గొంతు?" అన్నారు. పొంగిపోయి వాగు పేరు చెప్పేశాను. పెళ్లికి ముందు మీరు పిట్టలు పట్టేవారని అమ్మ చెప్పే కథలకి ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఆదివారం మీటింగులో మీ పేరు చెప్తాను. తర్వాత ఇంటికి ఏ మొహంతో రావాలో తెలియదు.

వెనింగ్

మలాంగ్, సోమవారం

నాన్నా,

మీరు జవాబు రాయలేదు. మీటింగులో మీ పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో మా బృందంలోని జాత్మికో, "ముందు సైట్‌లో ఉన్న రికార్డింగ్ మొత్తం విందాం" అన్నాడు. పాట అయిపోయింది. ఆ వెనకే నా గొంతు: "మార్చి తొమ్మిది, ఉదయం ఆరున్నర, లెసుంగ్ వాగు, రెండో వంతెన పైన." గుర్తు కోసం మేమంతా చివర్లో అలా చెప్పుకుంటాం. సైట్‌లో పెట్టేముందు ఆ ముక్క కత్తిరించాలి. మర్చిపోయాను.

"బస్సు నంబరొక్కటే చెప్పలేదు నువ్వు" అన్నాడు జాత్మికో. ఎవరూ నవ్వలేదు. తప్పు నాదేనని అందరి ముందూ ఒప్పుకున్నాను.

రాత్రి అమ్మకి ఫోన్ చేస్తే అంది: "నీ ఉత్తరం చదవగానే ఆయనకి తట్టిందే. ‘ఆ చోటు మీరు కాదు, రికార్డింగ్‌లో మనమ్మాయి గొంతే చెప్తోందని రాయండి’ అన్నాను. ‘తెలిస్తే కుమిలిపోతుంది, కోపం నా మీదే ఉండనీ’ అన్నారు. రోజూ పొద్దున్నే పిట్టకి ఆ పాట పెడతారా, అయిపోయింది కదా అని నేను ఆపబోతే, ‘ఉండవే, పిల్ల మాట్లాడుతుంది’ అంటారు."

శనివారం మొదటి బస్సుకి వస్తున్నాను. క్షమించమని ఎదురుగానే అడుగుతాను. సైట్‌లో ఆ చివరి ముక్క తీసేశాను. మీ ఫోన్లోది మాత్రం అలాగే ఉండనివ్వండి.

మీ
వెనింగ్