గా సూది ఏడ ఇస్తరు?

శీనూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ సంగతి నీకు తప్ప ఇంకెవరికి చెప్పాలో తెలియక రాస్తున్నాను.

పొద్దున కరీంనగర్‌లో మూలకణాల చికిత్స మీద సభ ఉంటే వెళ్లాను. వేదిక మీద రెండు పార్టీల నాయకులు కూర్చున్నారు. నిబంధనలే రోగులకు అడ్డమని ఒకాయన, ఈ పరిశోధనకు సర్కారు పైసలు దండగని ఇంకొకాయన అరుచుకున్నారు. వెన్నెముక విరిగి మంచాన పడ్డవాళ్ల మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు.

ఉండబట్టలేక లేచాను. "సార్, పరిశోధనకు పైసలియ్యరు. అది తేలకముందే సూదులు అమ్ముకునేటోళ్లను ఆపరు. మా తమ్ముడు బండి మీదికెళ్లి పడి నడుము ఇరిగితే, మూలకణాల సూదితోని నడుస్తడని ఒక క్లినికోళ్లు నమ్మిచ్చిండ్రు. సూదులన్నీ అయిపోయినా కాలు కదల్లే. మంచంల పుండ్లు పడి పోయిండు. దీనికి జవాబు ఎవరు చెప్తరు?" అని అడిగాను.

"శానా బాధనిపిస్తుంది తల్లీ" అన్నాడు ఆ ఇద్దరిలో ఒకాయన. ఆ వెంటనే భోజనాలకు లేవమని మైకులో చెప్పారు.

బయటికి వస్తుంటే బురఖా వేసుకున్న ఒకామె నా చెయ్యి పట్టుకుంది. గ్రానైట్ క్వారీలో పడి ఆమె భర్త నడుము విరిగిందట.

"బేటీ, గా సూది ఏడ ఇస్తరు?" అని అడిగింది.

"నేను చెప్పింది ఇన్నరు కదమ్మా. మా తమ్ముడు బతకలే."

"ఇన్న బేటీ. మరి ఇంకేం మందున్నది?"

నాకు ఆమె మీద కోపం రాలేదు శీనూ. లోపల ఆ నాయకులిద్దరూ ఒకే బల్ల దగ్గర నవ్వుకుంటూ తింటున్నారు. ఆమెను చెయ్యి పట్టుకుని అక్కడికే తీసుకెళ్లాను.

"గీమెకు జవాబు చెప్పి తినుండ్రి" అన్నాను.

మీ అక్క