స్టేజి మీద మా మొదటి రాత్రి

జూలై 12, శనివారం

ఇప్పుడే ఇంటికొచ్చిన. చీర గూడ మార్చుకోలే.

టెక్ మీట్ మంచిగనే అయింది — సగం దాంక. ఫంక్షన్ హాల్ల పెట్టిండ్రు. నల్లగొండల గంతమంది పట్టే జాగా ఇంకేడుంది. నిన్న ఎవ్వలదో పెండ్లట, బంతిపూల దండలు స్టేజి మీద గట్లనే ఉన్నయి. పెండ్లిపిల్ల, పెండ్లికొడుకు కూసునే ఎర్ర కుర్చీలు గూడ తియ్యలే. వాటి ముంగట నిలవడి ఒక్కొక్కలు డేటాబేస్‌ల గురించి చెప్తాంటే నాకు లోపల్లోపల నవ్వు. అందరం పెండ్లికొచ్చిన చుట్టాల లెక్కనే కూసున్నం. పదింటికే బిర్యాని వాసన.

తర్వాత సైదులు ఎక్కిండు. స్టేజి మీద 'సాయి' అట. అత్తమ్మకు తెలిస్తే వీపు చింతపండు జేస్తది. మస్తు చెప్తడు నా మొగడు, గది మాత్రం ఒప్పుకోవాలె. సర్వర్లు ఎందుకు పడిపోతయి, పడిపోతే ఎట్ల లేపాలె — చిన్నపోరగాండ్లకు గూడ సమజయ్యేటట్టు చెప్తాండు. చెప్పుకుంట చెప్పుకుంట ఎనకకు తిరిగి గా ఎర్ర కుర్చీలు చూసిండు. మొకం వెలిగింది. నాకు తెలుసు గా మొకం.

"మా ఫస్ట్ నైట్ యాదికొస్తాంది" అన్నడు.

గా రాత్రి వాల్ల ఆవిడ సర్వర్ డౌనట. ఎన్నిసార్లు రీస్టార్ట్ కొట్టినా లేవలేదట. తెల్లారేదాంక పక్కన కూసొని చూసుడే అయిందట. ఇంకా చెప్పిండు, చేతులతోని చూపెట్టుకుంట. గది రాయను.

హాలంత ఒకటే నవ్వు. మూడో వరుసల నేను, మెడల ఐడీ కార్డు ఏసుకొని. పేరుంది, కంపెనీ పేరుంది. ఎవ్వల పెండ్లాన్నో దాని మీద లేదు.

అప్పుడు ఎనక నుంచి ఒక అమ్మాయి లేసి మైకు అడిగింది. శ్రావణి అట, ఈ ఏడే నౌకరిల చేరిందట. "సార్, మీ భార్య ఈడ ఉంటే గీ మాట చెప్తుంటిరా? ఆమెను అడిగిండ్రా?"

సైదులు నవ్వు ఆపలే. "ఆమెకు చెప్పినంకనే ఈడ చెప్తున్నమ్మా. నాకంటె ఎక్కువ ఆమెనే నవ్వింది."

నా దిక్కు చూడలే.

నాకు చెప్పలే. నేను నవ్వలే.

జూలై 13, ఆదివారం

మటన్ తెచ్చిండు. తనే వండిండు. మంచిగ కుదిరింది, రెండుసార్లు వేసుకున్న. నిన్నటి ముచ్చట తను తియ్యలే, నేను తియ్యలే.

తిన్నంక ఆయన పండుకున్నడు. నాకు నిద్ర రాలే.

గా రాత్రి నాకు జరం. మూడేండ్ల కిందటి ముచ్చట. పెండ్లి పనులకు నిద్రలేదు, ఎండల ఊరేగింపు, వొల్లు పెనం లెక్క కాలుతాంది. పాలగ్లాసు ముట్టలే. తలుపవుతల ఆడోల్లు కిసకిస నవ్వుతున్నరు. సైదులు తన కొత్త బనీను సర్రున చింపి, చెంబుల ముంచి నా నొసలు మీద ఏసిండు. ఎండిపోంగనే మల్ల ముంచుడు. ఎవ్వలకు చెప్పకు, వచ్చిన దినమే మంచం పట్టింది అంటరు అని ఏడ్సిన. "సచ్చినా చెప్ప" అన్నడు. గీ మనిషి మీద నాకు పానం పడ్డది గా పొద్దే. దాన్ని దాచుకున్న నేను. మా అమ్మకు గూడ చెప్పలే.

దాన్ని తీస్కపోయి గట్ల చేసిండు. కోపం కాదు ఇది. దుక్కమొస్తాంది, గంతే.

జూలై 14, సోమవారం

సైదులు చెప్పింది ఎవ్వలో వీడియో తీసిండ్రట, గది తిరుగుతాంది. ఆఫీసు గ్రూపుల, కాలేజి గ్రూపుల, ఎవ్వలెవ్వలయో గ్రూపుల. సైదులును తిట్టెటోల్లు కొందరు. శ్రావణిని తిట్టెటోల్లే ఎక్కువ. "ఆయన పెండ్లామే నవ్విందట, నడుమ నీకేంది." "ఫేమస్ అయ్యేందుకు చేసింది." "గీ పిల్లను చేస్కునేటోడు పాపం."

అన్నం డబ్బా ముంగట పెట్టుకొని అన్ని సదివిన. పెండ్లామే నవ్విందట. అందరు దాన్నే పట్టుకున్నరు.

జూలై 15

వాన. సర్వపిండి చేసిన. గిన్నెకంటిన మాడుముక్క గీకి నాకే పెట్టిండు. ఎప్పటికి నాకే పెడ్తడు.

జూలై 16, బుధవారం

ఇయ్యాల బయటవడ్డది అసలు సంగతి.

బెంగళూరు పెద్ద సదస్సోల్లు మెయిల్ పెట్టిండ్రట. గా స్టేజి కోసం రెండేండ్ల సంది అప్లై చేస్తాండు. పోయిన్నెల 'సెలెక్టెడ్' అని వచ్చిననాడు నన్నెత్తుకొని ఇల్లంత తిప్పిండు. ఇప్పుడు వీడియో వాల్లదాంక పోయింది. "మీ భార్యకు ముందే తెలుసన్నరు కదా, అది నిజమేనా" అని అడిగిండ్రట. నిజమైతే ఏం లేదు. కాకపోతే పేరు తీసేస్తరు.

"రెండు లైన్లు అనితా. నాకు తెలుసు, నేనే నవ్విన, నాకేం బాధలేదు అని. నేనే రాసిన, నువ్వు చూసి పంపు." ఫోన్ నా చేతుల పెట్టిండు. ఇంగ్లీషుల రాసిండు. కింద నా పేరు, నా కంపెనీ, అన్ని పెట్టిండు. నా లెక్కనే రాసిండు గూడ, గా మనిషికి నేనెట్ల రాస్తనో తెలుసు.

కూర మాడుతాంది అని లేసిపోయిన. కూరేం మాడలే.

జూలై 17

పంపలే. "ఆలోచిస్త" అన్న. "దీంట్ల ఆలోచించేదేముంది" అన్నడు, మెల్లగనే అన్నడు. తిట్టే మనిషి కాదు. తిట్టినా బాగుండు, నాకు జర సులువైతుండె.

నాకు రెండు లైన్లు ఎంత సేపు. కని గా రెండు లైన్లు పోయినయంటే శ్రావణి అడిగిందే తప్పు అయితది. నేను నా చేత్తోని చేసినట్టైతది.

జూలై 18, శుక్రవారం

శ్రావణిని నేనే పిలిచిన, నంబరు గ్రూపుల దొరికింది. గడియారం సెంటర్ కాడ చాయ హోటల్. ఎవ్వలో ఆఫీసు అక్క అనుకొని వచ్చింది పాపం. పలుచగుంది మనిషి, బ్యాగు ఒల్లో పెట్టుకొని దాన్నే పట్టుకొని కూసుంది.

చాయ రాంగనే చెప్పేసిన — "నేను సాయి సార్ భార్యను."

మొకం తెల్లగైంది. "సారీ అక్కా, మీ గురించి... మీరు గీ ఊర్లనే ఉన్నరనుకోలే."

"సారీ ఎందుకు. నువ్వు నా గురించే గద అడిగినవ్."

చాయ గ్లాసు పక్కకు జరిపింది. తర్వాత అడిగింది. "నిజంగ నవ్విండ్రా అక్కా?"

"లే."

గా ఒక్క మాటకు కండ్లల్ల నీల్లు తిరిగినయి పిల్లకు. వాల్ల టీమ్ లీడ్ అన్నడట, "గిసొంటియి పెట్టుకుంటే పర్మినెంట్ చేసుడు కష్టం, ఒక సారీ పోస్టు పెట్టరాదు" అని. సోమవారం లోపు తేల్చాలెనట. "అందరు నవ్వుతాంటే నేనే తప్పేమో అనిపించిందక్కా. మీరు గూడ నవ్విండ్రని సార్ చెప్పినంక పక్కా నాదే తప్పు అనుకున్న."

సారీ పోస్టు పెట్టకు అన్న. ఏం ధైర్యంతోని అన్ననో నాకే తెల్వదు. చాయ పైసలు తనే ఇయ్యబోయింది, చెయ్యి పట్టుకొని ఆపిన.

జూలై 19, శనివారం

ఊరొచ్చినం, దేవరకొండ అవుతల మా అత్తగారిల్లు. పత్తి చేన్ల కలుపు నడుస్తాంది. అత్తమ్మ ఎదురొచ్చి మొదలు నన్నే చూసింది, కొడుకును కాదు. అప్పుడే అనుకున్న, వీడియో ఈడిదాంక వచ్చింది అని.

జూలై 20, ఆదివారం

రాయాలె. ఇది పూర్తిగ రాయాలె.

పొద్దుగాల అత్తమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తాంది, నేను పక్కన కూసున్న. సైదులు గడప మీద. అత్తమ్మ తల ఎత్తకుంటనే షురువు చేసింది.

"పెండ్లిల్ల నేను పాడని పాట ఉన్నదా బిడ్డా. వియ్యపురాలి నడుము మీద పాడిన, వియ్యంకుని పంచె మీద పాడిన. నా నోటికి జడిసి సగం మంది బంతిల కూసోకపోతుండె."

నాకు తెలుసు. మా పెండ్లిల మా అమ్మ మీద పాడిన పాట ఈడ రాస్తే కాయితం కాలుతది.

"కని నేను పాడంగనే మీ అమ్మ అందుకున్నది. నన్ను నాలుగు కడిగింది. నాకు ఒకటే నవ్వు. తర్వాత ఇద్దరం ఒక్కకాడ కూసొని బువ్వ తిన్నం. ఆల్ల వంతు ఆల్లకుంటది. గీడ నీ వంతేది? వీడొక్కడే పాడిండు, నువ్వు నోరు మూసుకొని కూసున్నవ్."

సైదులు, "అమ్మా, అది కాన్ఫరెన్స్, నీకు సమజ్ గాదు" అన్నడు.

అప్పుడు తల ఎత్తింది. "కొత్త బనీను చింపి చెంబుల పడేస్తే పొద్దుగాల పిండి ఆరేసింది ఎవ్వలనుకున్నవ్‌రా? పిల్లకు జరమని నాకు తెల్వదా? నువ్వు మంచిగ చూసుకున్నవని సంబురపడి ఎవ్వలకు చెప్పలే నేను. నువ్వేమో పోయి గదాన్నే ఊరందరికి గట్ల చెప్పినవ్."

మూడేండ్ల సంది ఆమెకు తెలుసు. ఒక్కనాడు గూడ నోరు జారలే. అత్తమ్మ ఇప్పటిదాంక మామయ్య పేరు పలకలే, 'పిల్లగాని నాయిన' అనే పిలుస్తది. దాన్ని చూసి ఎన్నిసార్లు నవ్విన నేను. ఇయ్యాల నవ్వు రాలే.

సైదులు చెప్పులేసుకొని చేను దిక్కు పోయిండు. మధ్యాహ్నం అన్నానికి రాలే. అత్తమ్మ నా పల్లెంల ఇంకో గరిటె చిక్కుడుకాయ ఏసింది.

జూలై 21, సోమవారం

బండి మీద ఎనకకొచ్చినం. దారిల మక్కకంకులు కొన్నడు, నిప్పుల మీద కాల్చినయి. గట్టు మీద కూసొని తిన్నం. సల్లగాలి. గిట్లనే ఉంటే సాలు అనిపించింది.

శ్రావణి మెసేజి — సారీ పోస్టు పెట్టనని చెప్పేసిందట. వాల్లు ఏం తేల్చలేదట. "చూద్దాం అక్కా" అని రాసింది.

జూలై 23

బెంగళూరోల్లు శనివారం పొద్దుగాల ఫోన్ చేస్తరట. "రాసియ్యకపోతే మాయె. వాల్లు అడిగితే ఊ అను, సాలు" అన్నడు సైదులు. నా మొకం చూడకుంట అన్నడు.

ఊరికి పోయొచ్చినంక గూడ గిదే మాట. గిప్పుడు మాత్రం కోపమొచ్చింది. చపాతీలు మందంగ చేసిన, తిననీ.

జూలై 25, శుక్రవారం

నాకు గూడ కావాలె గా బెంగళూరు. ఇది గూడ నిజమే, రాయకపోతే ఎట్ల. అద్దం ముంగట నిలవడి ఒక్కడే మాట్లాడుకుంట ప్రాక్టీసు చేస్తాంటే మంచం మీద కూసొని విన్నది నేనే. యాడ నెమ్మది చెప్పాలె, యాడ ఆగాలె అని చెప్పింది నేనే. నీలం అంగీ గా దినం కోసమని కొన్నం, ఇంక మడత ఇప్పలే.

నేను ఊ అంటే పోతడు. ఊ అనకపోతే ఇంట్ల ఉంటడు, నా పక్కన, జీవితమంత. రెండిట్ల ఏది ఎక్కువ బరువో.

జూలై 26, శనివారం

ఫోన్ పదింటికి వచ్చింది. స్పీకర్ పెట్టి బల్ల మీద పెట్టిండు. ఎవ్వలో మేడం, మర్యాదగ మాట్లాడింది, ఇంగ్లీషుల. వీడియో గురించి అడిగింది. మీ భార్యకు ముందే తెలుసా అని అడిగింది.

సైదులు నోరు తెరిసిండు. "యెస్ మేడం" అంటడనుకున్న. బల్ల అంచు పట్టుకున్న నేను.

ఏం అనలే. ఎంతసేపు ఏం అనలేదంటే గా మేడం "హలో? లైన్ల ఉన్నరా?" అని అడిగింది. అప్పుడు ఫోన్ నా దిక్కు జరిపిండు. "మా అనిత పక్కనే ఉంది. ఆమెనే అడుగుండ్రి."

చేతులకు పిండి ఉంది. కొంగుకు తుడుచుకున్న.

నాకు చెప్పలేదని చెప్పిన. నవ్వలేదని చెప్పిన. గా రాత్రి నాకు జరమని, నన్ను పానంలెక్క చూసుకున్నడని, గదాన్ని గట్ల చెప్పుకునుడు నాకు నచ్చలేదని చెప్పిన. శ్రావణి అడిగింది సక్కటి మాటనే అని గూడ చెప్పిన, ఆమె పేరు పెట్టి. ఇంగ్లీషు తడబడ్డది, అయినా ఆగలే.

మేడం థాంక్స్ చెప్పింది. అందరం మాట్లాడుకొని బుధవారం చెప్తం అన్నది. గంతే.

ఫోన్ పెట్టేసిండు. పోయినట్టే గద అన్న. "పోయినట్టే" అన్నడు. మల్ల తనే, "యెస్ అందామనే అనుకున్న. నువ్వు ఎదురుంగ ఉండంగ నోట్లకెల్లి రాలే" అన్నడు. నీలం అంగీ యాదికొచ్చి ఏడుపొచ్చింది నాకు. నా కోసం కాదు, ఆయన కోసం.

అప్పుడు అడిగిండు — "అనితా, గా దినం నేను గట్ల చెప్తాంటే నీకెట్లనిపించింది?"

ఇన్ని దినాలల్ల అందరు నేను నవ్విననా లేదా అనే అడిగిండ్రు. ఆఫీసోల్లు, గ్రూపులోల్లు, బెంగళూరోల్లు, ఆఖరికి శ్రావణి గూడ. గీ మాట ఎవ్వలు అడగలే.

చెప్పుడు షురువు చేసిన. మల్ల ఆగలే. సైదులు మధ్యల 'కని' అనలే, 'నేనేమనుకున్ననంటే' అనలే. విన్నడు. చాయ పెట్టుకొస్త ఉండు అని లేసిండు, గంతల గీ నాలుగు ముక్కలు రాసుకుంటున్న. ఇంక సగం గూడ చెప్పలే.

వంటింట్ల నుంచే పిలుస్తాండు — "అనితా, అయితె మల్ల?"