మోకాలి పట్టె

బోథ్, 10–12–1988

ప్రియమైన అన్నకు రిబ్కమ్మ వందనాలు.

నువ్వు చేసి పంపిన మోకాలి పట్టె అందింది. పోలియో వచ్చిన సంది ఇనుప కడ్డీలతోని నడిచిన నేను, మొన్న ఆదివారం చర్చిల ఆడోళ్ల నడుమ సాప మీద కూసున్న. బటన్ ఒత్తితే లోపలి తీగెలు ఉడుకెక్కి పట్టె మెత్తగైతది, మోకాలు వంగుతది. కాలు సాపి సల్లారనిస్తే మల్ల కట్టె లెక్క బిగుసుకుంటది. అవ్వ సూసి ఏడ్సింది.

నీ చెల్లె రిబ్కమ్మ

హైదరాబాద్, 2–2–1989

ప్రియమైన చెల్లెకు,

నీ ఉత్తరం మా ల్యాబ్ పెద్ద సారుకు సదివి వినిపించిన. గాజు నారలు, జిగురు కలిపి చేసిన గదే సరుకుతోని, ఎగురుకుంటనే ఆకారం మార్చుకునే విమానం రెక్క చేస్తున్నం. నీ కాలు మీద మంచిగ నడిస్తే రెక్కకు ఒప్పుకుంటరు, నన్ను పర్మనెంట్ చేస్తరు. జూన్‌ల తనిఖీ. దినాం కట్టుకో. ఆ ఇనుప కడ్డీలు ఇంకెవలకన్న ఇచ్చెయ్.

నీ అన్న సీమోను

బోథ్, 28–4–1989

అన్నా,

కడ్డీలు ఖానాపూర్‌ల బుచ్చవ్వ బిడ్డకు ఇచ్చిన. ఒక్క ముచ్చట. ఎండల అంగన్‌వాడికి పోతుంటే బటన్ ఒత్తకుండనే పట్టె జర వంగుతుంది. నిన్న బస్టాండ్ కాడ గోడ పట్టుకొని నిలవడ్డ. గిట్ల ఐతదా? జల్ది రాయి.

రిబ్క

హైదరాబాద్, 15–5–1989

చెల్లె,

ఫికర్ చెయ్యకు. కొత్తల గట్లనే ఉంటది. నీడ పట్టున నడువు. తనిఖీ అయ్యేదాక ఎవలతోని అనకు. ఒక్క నెలనే.

సీమోను

ఆదిలాబాద్ దవఖాన, 20–6–1989

సీమోనుకు,

ఆరో తారీఖు నాడు రోడ్డు దాటుతుంటే పట్టె మెత్తవడి బోర్ల పడ్డ. లారీ చక్రం నా మంచి కాలు మీదికెక్కింది. మోకాలి కిందికి తీసేసిండ్రు.

నీతోని పనిచేసే హనుమండ్లు పట్టె తీసుకపోను వచ్చిండు. "చెల్లె, ఎండకు మెత్తవడ్తదని సీమోను చలికాలంలనే పరీక్ష చేసి రాసుకున్నడు. నీకు చెప్పలేదా?" అన్నడు.

తెల్లారి మీ పెద్ద సారు వచ్చిండు. "అమ్మా, ఎన్నడన్న దానంతట అదే వంగిందా?" అని అడిగిండు. అవ్వ పక్కనే నిలవడ్డది. ఆమెకేం తెల్వదు. "నా కొడుకు చేసిందే" అని సారుకు సంబురంగ చెప్తుంది. "లేదు సార్. బటన్ బంద్ చేసుడు మర్సిన, తప్పు నాదే" అన్న.

నీ నౌకరి పక్కా అయిందని నిన్న కబురొచ్చింది. అవ్వ వార్డంత చక్కెర పంచింది. నా నోట్ల సుత పోసింది. మింగిన.

నువ్వు మాత్రం నన్ను సూడ రాకు.

రిబ్కమ్మ