పెద్ద గద్ద, చిన్న డేగ

జూన్ 7, ఆదివారం

చర్చి నుంచి వచ్చి ఇంటి వెనక డెక్ మీద చేపలు శుభ్రం చేశాను. ఇంట్లో చేస్తే వాసనకి మా ఆయన అబ్రహాం మూడు రోజులు కిటికీలు మూయనివ్వడు. తలకాయలు, పేగులు బందరు అలవాటు కొద్దీ ఫెన్స్ అవతలికి విసిరేశాను. బందరులో మా గద్దలు గాల్లోనే అందుకునేవి. పది నిమిషాల్లో సాక్షాత్తూ బాల్డ్ ఈగల్, ఇక్కడి తెల్లతల పెద్ద గద్ద, దిగింది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో, మా పెరటి వెనక!

జూన్ 8

ఆఫీస్‌లో పని పక్కనపెట్టి పక్షుల గురించి చదివాను. ఈగల్ సుమారు ఐదు కిలోలు. పెరట్లో గూడు కోసం మేం పెట్టిన చెక్కపెట్టెలో నాలుగు పిల్లల్ని పెంచుతున్న కెస్ట్రెల్, చిన్న డేగ, నూట ఇరవై గ్రాములు. ఒకటి చిన్న బియ్యం సంచి, ఇంకొకటి నా ఫోన్ కంటే తేలిక. రెండింటికీ అదే వంకర ముక్కు. రెండింటిలోనూ ఆడదే పెద్దది. అబ్రహాంకి చెబితే, మనింట్లోనూ అంతేగా అన్నాడు.

జూన్ 10

మళ్ళీ చేపలు తెచ్చాను. మొన్నేగా తిన్నామన్నాడు. ఒమేగా త్రీ అన్నాను. తలకాయలు, పేగులు మళ్ళీ ఫెన్స్ అవతలికే.

జూన్ 14, ఆదివారం

ఈగల్ రోజూ వచ్చి ఫెన్స్ పక్క చెట్టు మీద కూర్చుంటోంది. కెస్ట్రెల్స్ రెండూ పొద్దుటినుంచీ దాని నెత్తి మీదికి డైవ్ చేస్తున్నాయి. అది తల కూడా తిప్పదు. వీడియో చర్చి గ్రూప్‌లో పెట్టాను. చిన్నవాడు దావీదు, మహాకాయుడు గొల్యాతు అని వసంతకుమారి ఆంటీ రాశారు. భలే మురిసిపోయాను.

జూన్ 15, సాయంత్రం

పెట్టెలోని కెమెరాలో మూడు పిల్లలే కదులుతున్నాయి. పక్కింటి డయాన్ పక్షుల వాలంటీర్. పిలిచి చూపించాను. నాలుగోదాన్ని ఈగల్ తినలేదంది. తల్లీ తండ్రీ రోజంతా దాన్ని తరమడంలోనే ఉండి వేటకి వెళ్ళడం లేదట, పిల్లలు ఆకలికి పోతున్నాయట. అసలది ఇక్కడికి ఎందుకొస్తోందని అడిగింది. చేపల సంగతి చెప్పాను. తల ఎత్తలేకపోయాను. ఇక వేయొద్దు, అది రావడం మానేస్తే మిగిలినవి బతకొచ్చు అంది.

ఆవిడ వెళ్ళాక అబ్రహాం అన్నాడు: "పెట్టడమే తెలుసు పర్సీ నీకు. ఎవరి నోటి దగ్గరిది పోతోందో చూడవు."

జూన్ 16, ఉదయం 6

గ్లవ్స్ వేసుకుని ఫెన్స్ అవతల చేప ముళ్ళు, పొలుసులు ఏరాను. పైనుంచి ఈగల్ నా చేతుల వంకే చూస్తోంది. దాని మీద కోపం రాలేదు. నా మీదే వచ్చింది.

జూన్ 17

వచ్చింది. కూర్చుంది. పెట్టెలో రెండే కదులుతున్నాయి. లంచ్ తినలేకపోయాను.

జూన్ 18

రాలేదు.

జూన్ 19

మధ్యాహ్నం 1:10, పెట్టెలోకి మిడత. 1:22, ఎలుక. 1:31, ఇంకో మిడత. మీటింగ్‌లో కెమెరా చూస్తూనే ఉన్నాను. పిల్లలు రెండూ కడుపు నిండి పడుకున్నాయి. తినని ఎలుక పక్కనే ఉంది. 1:40, మళ్ళీ తల్లి వచ్చింది. తల్లీ తండ్రీ ఇంకా నాలుగు పిల్లలకి సరిపడా తెస్తున్నాయి.