కారు ఇస్తానన్న మాట

బెంటన్‌విల్

పూజ్యులైన బాబాయి గారికి,

శైలజ నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ ఒంట్లో ఎలా ఉంది? పిన్ని మోకాలు ఎలా ఉంది, మెట్లు ఎక్కగలుగుతోందా? ఇవన్నీ ఆదివారం ఫోన్లో అడిగినవే. అసలు సంగతి మాత్రం ఫోన్లో నోటికి రాలేదు, అందుకే కాగితం తీసుకున్నాను.

పార్సిప్పనీ నుంచి ఈ ఊరికి వచ్చి ఆరు వారాలైంది. చిన్న ఊరు, పాలకి కూడా కారు తియ్యాలి. పోయిన వారం పడ్డ వాన పడ్డట్టే గడ్డకట్టింది, మూడు రోజులు గడప దాటలేదు. కరివేపాకు దొరకదు, పోపు దానికి అలవాటు పడింది. మీరేం బెంగ పెట్టుకోకండి, తిండికీ బట్టకీ లోటు లేదు.

పార్సిప్పనీలో నేను సాయంత్రం క్లాసుకి వెళ్లేదాన్నని మీకు తెలుసు. అకౌంటింగ్ పరీక్ష రాయాలంటే బిజినెస్ లా అనే పేపరు కూడా చదివి ఉండాలి. ఈ అమెరికాలో కాంట్రాక్టు చట్టానికి పునాది ఇంగ్లండువాళ్లదట. ఒకరు ఇస్తాననాలి, రెండోవారు సరేననాలి, ఇద్దరి మధ్యా డబ్బో వస్తువో ఏదో ఒక ప్రతిఫలం చేతులు మారాలి. మీరు దస్తావేజుల్లో రాసే ప్రతిఫలమే. అది లేకుండా ఊరికే ఇస్తానన్న మాట కోర్టులో నిలబడదు. మా బాబాయి రిజిస్ట్రార్ ఆఫీసు ముందు ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని ఇదేనని క్లాసులో గొప్పలు కూడా పోయాను.

మా పక్క అపార్ట్‌మెంట్‌లో సరోజ అని ఒకమ్మాయి ఉండేది, నన్ను అక్కా అనేది. గ్రీన్‌కార్డు వచ్చాక పసిపిల్లల డేకేర్‌లో ఉద్యోగం చూసుకుంది. అక్కడికి బస్సు లేదు, ఉన్న ఒక్క కారూ వాళ్లాయన తీసుకెళ్తాడు. మీ అల్లుడు గారి ప్రాజెక్టు ఇక్కడికి మారుతుందని తెలిసినరోజే నేను, "మా పాత కారు నీకే సరోజా" అన్నాను. "ఎంతివ్వమంటారక్కా?" అంది. నాకు కోపం వచ్చింది. "నీ దగ్గర డబ్బు తీసుకుంటానా? మళ్లీ ఆ మాట అనకు" అన్నాను. ఆ ధైర్యంతో, కింది వాటాలో చవగ్గా అమ్ముతున్న కారు వద్దనుకుంది. జనవరి నుంచి వస్తానని డేకేర్‌కి చెప్పేసింది.

తర్వాత తెలిసింది, ఈ ఊళ్లో ఇంటికి రెండు కార్లుంటే తప్ప గడవదని. "మాటిచ్చింది నువ్వు, నువ్వే చెప్పుకో" అన్నారు మీ అల్లుడు గారు. తిన్నగా వెళ్లి, "తప్పయిపోయింది సరోజా, మాకే కావలసి వచ్చింది" అంటే సరిపోయేది. ఆ మాట అనడానికి నాకు నామోషీ అయింది. వాళ్ల సోఫాలో కూర్చుని, వాళ్ల కాఫీ తాగుతూ పాఠం చెప్పాను. ప్రతిఫలం లేదు కాబట్టి అది కాంట్రాక్టు కాదనీ, చట్టం ప్రకారం నేను ఇవ్వక్కర్లేదనీ చెప్పాను. రాస్తుంటేనే తల కొట్టేసినట్టుంది బాబాయ్.

సరోజ అంతా విని ఒక్క మాటే అంది. "నేనిస్తానన్నాను కదక్కా. మీరే కదా వద్దన్నది."

అంతటితో అయిపోలేదు. మరుసటి వారం ప్రొఫెసరు ఇంకో సంగతి చెప్పాడు. ఊరికే ఇచ్చిన మాటైనా, దాన్ని నమ్మి అవతలివాళ్లు నష్టపోతే ఇక్కడి కోర్టు ఊరుకోకపోవచ్చట. అదీ నోట్సులో రాసుకున్నాను. సరోజకి చెప్పలేదు. పరీక్షలో అదే ప్రశ్న వస్తే రెండు పక్కలా బ్రహ్మాండంగా రాశాను, పూర్తి మార్కులు వేశారు. మీకు ఫోన్ చేసి మార్కులు చెప్పాను, గుర్తుందా? మీరు పొంగిపోయి వీధిలో అందరికీ చెప్పారు. ఆ రోజు నుంచీ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మొన్న తెగించి సరోజకి ఫోన్ చేశాను. డేకేర్‌వాళ్లు ఇంకొకర్ని పెట్టుకున్నారట, మళ్లీ ఎక్కడో అప్లై చేస్తోంది. మీ అల్లుడు గారు ఆఫీసుకి ఇంకొకరి కార్లో వెళ్తానన్నారనీ, పాత కారు ట్రక్కు మీద పంపిస్తాననీ చెప్పాను. క్షమించమని కూడా అడిగాను.

అప్పుడు సరోజ అడిగింది, "కాగితం రాసిస్తారా, శైలజగారూ?" అని.

గొంతులో వెటకారం లేదు బాబాయ్. నిజంగానే అడిగింది. రాసిస్తానన్నాను.

కారు పేరు మార్చే ఫారం ఇక్కడ దొరుకుతుంది, అది నింపి పంపుతాను. తను అడిగిన కాగితం మాత్రం నా చేత్తో రాయాలి. నిన్నటి నుంచి నాలుగుసార్లు మొదలుపెట్టాను. దానపత్రంలో ప్రతిఫలం బదులు మీరు "ప్రేమాభిమానముల చేత" అని రాస్తారు కదా, అక్కడికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతోంది. నాలాంటివాళ్లు ఇచ్చేటప్పుడు ఆ చోట ఏం రాయాలో మీరే చెప్పాలి.

పిన్నికి నా నమస్కారాలు చెప్పండి, ఈ ఉత్తరం తనకి చూపించకండి. మీ ఆశీస్సులు అడగడానికి మొహం చెల్లడం లేదు, అయినా అడుగుతున్నాను.

మీ అన్నగారి అమ్మాయి,
శైలజ