మా దగ్గు మాకు ఇప్పించండి

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

నమస్కారాలు. నేను బట్టలు కుట్టుకునే మనిషిని. 'లిప్‌స్టిక్ పిడుగు' ఆల్బమ్ అభిమానుల సంఘానికి కార్యదర్శిని కూడా. అదేనండీ, జుట్టు బారెడు పెంచి, పెదాలకు రంగేసుకుని, తళతళలాడే బిగుతు ప్యాంట్లలో గిటార్లు వాయించిన ఆ నలుగురి ఆల్బమ్. మీ కంపెనీదే.

మా పాత క్యాసెట్లన్నీ ఒక్కొక్కటే అరిగిపోయాయి. ఆఖరిదాన్ని పోయిన నెల మా టేప్‌రికార్డరు నమిలేసింది. అందుకని మీరు శుభ్రం చేసి కొత్తగా తెచ్చిన సీడీ కొన్నాం. ఆదివారం నలభై మందిమి నా కుట్టుగదిలో, మిషన్లు గోడవారకు జరిపి, కూర్చుని విన్నాం.

ఎనిమిదో పాట దగ్గర మా దగ్గు పోయింది. ముప్ఫై రెండేళ్లుగా ఉన్న దగ్గు! నలభై మందికీ ఒక్కసారే పోయింది. మావారు అప్పటినుంచి సరిగ్గా భోంచేయడం లేదు. దయచేసి మా దగ్గు మాకు ఇప్పించండి.

ఇట్లు,
కుట్టుపని ఆవిడ, కార్యదర్శి

తా.క. ఆ నలుగురూ వేసుకున్నలాంటి ప్యాంట్లే మా సభ్యులందరికీ నేనే కుట్టాను. ఏటా నడుము దగ్గర కాస్త వదులు చేస్తూ వస్తున్నాను. ఇక వదలడానికి లోపల గుడ్డ లేదు.

---

మాన్య శ్రోత గారికి,

మీ ఉత్తరం అందింది. ముప్ఫై రెండేళ్ల దగ్గు నలభై మందికి ఒకేసారి తగ్గినందుకు సంతోషం. అయితే మా సీడీలకు వైద్యగుణాలున్నాయని మా సంస్థ ఎక్కడా చెప్పలేదు. కాబట్టి ఈ సంగతి పదిమందికీ చెప్పవద్దని మనవి. తగ్గిన దగ్గు మళ్లీ కావాలని ఎందుకు అడుగుతున్నారో మాకు బోధపడలేదు. మీవారి ఆకలి విషయం డాక్టరుకు చూపించండి.

ఒకవేళ దగ్గు తిరిగొస్తే వాడుకోవడానికి దగ్గు బిళ్లల డబ్బా ఒకటి జతచేస్తున్నాం.

భవదీయుడు,
ఫిర్యాదుల అధికారి

తా.క. ఎనిమిదో పాట వినకపోయినా నష్టం లేదు. మిగతా తొమ్మిదీ బాగుంటాయి.

---

అధికారి గారికి,

నమస్కారం కాదు, దండం పెడుతున్నాను. మాకు జలుబూ లేదు, దగ్గూ లేదు. పోయింది పాటలో దగ్గండీ!

ఎనిమిదో పాటలో వాయిద్యాలన్నీ ఆగిపోయి, గిటారు ఒక్కటే మొదలయ్యే ముందు, రెండు క్షణాలు ఏ చప్పుడూ ఉండదు. అక్కడ ఎవరో 'ఖళ్ ఖళ్' మని దగ్గుతారు. మేమందరం కూడా అక్కడే దగ్గుతాం. మా లెక్కల మాస్టారు వేళ్లు మడిచి లెక్కపెట్టి చెయ్యి ఊపుతారు. మా పళ్ల డాక్టరుగారైతే, క్లినిక్‌లో ఆ పాట వస్తే, ఎవరి నోరు తెరిచి ఉన్నా సరే, పక్కకు తిరిగి దగ్గి వస్తారు.

నా పెళ్లి కూడా ఆ దగ్గు వల్లే అయింది. అప్పుడు నాకు ఇరవయ్యేళ్లు. బస్సులో డ్రైవరు ఆ పాట పెట్టాడు. సరిగ్గా ఆ చోట నేను దగ్గాను. వెనకనుంచి ఇంకొకరు దగ్గారు. తిరిగి చూస్తే టికెట్లు కొడుతున్న కండక్టరు! ఆయనే మావారు.

ఆదివారం నలభై మందిమీ దగ్గాం. పాట దగ్గలేదు. మావారు ఆ నలుగురి జుట్టులా ఉండాలని పెట్టుకునే విగ్గు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయారు. "ఇది మన పాట కాదే. ఇంక సంఘం మూసేద్దాం" అన్నారు. వచ్చే నెల పదో తారీఖు ఆల్బమ్ పుట్టినరోజు. ఆలోగా దగ్గు దొరక్కపోతే సంఘం ఉండదు. నాకు చాలా దిగులుగా ఉంది.

ఇంతకీ ఎవరు దగ్గారండీ? ఏడుపు ఆపుకోలేక పాడినాయనే దగ్గాడని మావారి వర్గం, డ్రమ్ములాయనని డాక్టరుగారి వర్గం. రెండు వర్గాలకీ మాటల్లేవు.

ఇట్లు,
కుట్టుపని ఆవిడ

తా.క. బిళ్లలు బాగున్నాయి. ఇంకో డబ్బా పంపగలరు.

---

శ్రోత గారికి,

అది దగ్గు కాదు, లోపం. పాడినాయనా దగ్గలేదు, డ్రమ్ములాయనా దగ్గలేదు. పనిమీద రికార్డింగు గదిలోకి వెళ్లిన బుద్ధిలేని గుమాస్తా ఒకడు దగ్గాడు. వాడి మూలంగా మా సంస్థకు తలవంపులు. ఇన్నాళ్లకు ఆ మచ్చ పోయింది. దయచేసి మళ్లీ కెలకవద్దు.

భవదీయుడు,
ఫిర్యాదుల అధికారి

తా.క. నలభై మందీ నిజంగానే కలిసి దగ్గుతారా? ఊరికే అడిగాను. జవాబు రాయనక్కర్లేదు.

మరో తా.క. రెండో డబ్బా జతచేశాం.

---

అయ్యా,

మీ ఉత్తరం చదివితే ఒళ్లు మండింది. బుద్ధిలేని గుమాస్తానా? ఆయనే లేకపోతే నాకు మొగుడే లేడు! మీ పుణ్యమా అని మా రెండు వర్గాలూ కలిసిపోయాయి. ఇప్పుడు అందరిదీ గుమాస్తా వర్గమే.

ఆయనంటే మీకెందుకంత కక్ష? ఆ దగ్గు తీసేయించింది మీరేనని మా లెక్కల మాస్టారి అనుమానం. సోమవారం పదింటికి నలభై మందిమీ ప్యాంట్లు వేసుకుని వచ్చి మీ ఆఫీసు మెట్లమీద కూర్చుని దగ్గుతాం. ఎవరు ఆపుతారో చూస్తాం.

ఆ గుమాస్తాగారు ఎక్కడున్నా చిరునామా ఇవ్వండి. ఆయనకు నా చేత్తో ఒక ప్యాంటు కుట్టి పెట్టాలి.

ఇట్లు,
కోపంతో, కుట్టుపని ఆవిడ

తా.క. మెట్లు ఎత్తుగా ఉంటే ముందే రాయండి. ఆ ప్యాంట్లతో మోకాలు వంగదు.

---

చెల్లెమ్మా,

ఇలా పిలిచినందుకు ఏమీ అనుకోవద్దు. ఆఫీసు కాగితం మీద ఇదే నా ఆఖరి ఉత్తరం. ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాను.

మీ లెక్కల మాస్టారి లెక్క సరిపోయింది. కొత్త సీడీ కోసం పాతదాంట్లో లోపాలు రాసిమ్మని మా విభాగాన్ని అడిగారు. నేను ఆ ఒక్కటే రాసి, కింద రెండు గీతలు గీశాను. మీ మొదటి ఉత్తరం కూడా చదవగానే అర్థమైంది. తెలియనట్టు నటించాను.

ఎందుకంటే ఆ బుద్ధిలేని గుమాస్తాని నేనే.

ఆరోజు సంతకాల కోసం కాగితాలు పట్టుకుని లోపలికి వెళ్లాను. జుట్టు నిలబడటానికి నలుగురూ తలో డబ్బా స్ప్రే కొట్టుకుని ఉన్నారు. క్యాసెట్టులో జుట్టు ఎవరికి కనిపిస్తుందని అడక్కండి. జుట్టు నిలబడితేగానీ వాళ్లకు చేతులు ఆడవట. తలుపులు మూసిన గది. పాట మొదలయ్యాక బయటికి పోవడానికి లేదు. ముక్కు మూసుకుని పాట సగం దాకా ఓర్చుకున్నాను. సరిగ్గా ఆ రెండు క్షణాలు ఓర్చుకోలేకపోయాను. పదిహేడుసార్లు తప్పిన గిటారాయనకు ఆసారే కుదిరింది. మళ్లీ వాయించనని కూర్చున్నాడు. దగ్గు పాటలో ఉండిపోయింది, నన్ను మాత్రం ఫిర్యాదుల విభాగంలోకి తోశారు.

అప్పటినుంచి ఆ పాట ఎక్కడ వినిపించినా లేచి బయటికి పోయేవాణ్ణి. మా ఆవిడకు కూడా చెప్పలేదు. నిన్న మీ ఉత్తరాలన్నీ ఆవిడ ముందు పెట్టాను. చదివి కాగితాలు మడిచి పెట్టింది. తర్వాత అంది: "ఆ పాటకు నేనూ దగ్గుతుంటే చూడలేక వెళ్లిపోతున్నారేమో అనుకున్నానండీ. అందుకే పెళ్లయిన ఏడాదినుంచీ మీరు గుమ్మం దాటాకే దగ్గుతున్నాను."

ముప్ఫై రెండేళ్లలో అన్ని ఫిర్యాదులూ ఏదో బాగాలేదనే. నాది పోయిందని బాధపడింది మీరొక్కరే. మీ ఉత్తరం అందినట్టు సంతకం చేస్తుంటే నాకు కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

నాకు మొదట్లో ఇచ్చిన క్యాసెట్టు బీరువాలో అలాగే ఉంది. ఒక్కసారి కూడా పెట్టలేదు కాబట్టి కొత్తదానిలాగే ఉంటుంది, దగ్గుతో సహా. పదో తారీఖున మేమిద్దరం తీసుకొస్తాం. విగ్గు పెట్టుకుని సిద్ధంగా ఉండమని బావగారికి చెప్పండి. నా నడుము నలభై రెండు. లోపల గుడ్డ ఎక్కువ పెట్టి కుట్టండి.

ఇట్లు,
మీ అన్నయ్య, గుమాస్తా

తా.క. అందరి ముందూ నన్ను దగ్గమంటారని తెలుసు. ఇంట్లో ప్రయత్నించాను, రావడం లేదు. దయచేసి ఎవరైనా జుట్టుకు స్ప్రే కొట్టుకోండి. అంత జుట్టు ఇంకా ఎవరికైనా మిగిలి ఉంటే.